ఐదు ఎందుకుల బండి

గుండ్లవంక పశువైద్యశాలకు కొత్త మోటారుసైకిలు లారీ ఎక్కి వచ్చింది. మనుషుల్ని మోయాల్సిన బండి తానే ఇంకో బండి ఎక్కి రావడమేమిటని ఎవరూ అడగలేదు. అప్పటికింకా ఆ శాఖలో ఎందుకు అని అడిగే అలవాటు మొదలు కాలేదు.

బండి వచ్చింది చెన్నకేశవులు కోసం. ఆయన అక్కడ లైవ్‌స్టాక్ అసిస్టెంటు. ఇరవై ఆరేళ్లుగా మందుల సంచి భుజాన వేసుకుని బస్సుల్లో, పాల వ్యాన్లలో, ట్రాక్టరు మడ్‌గార్డుల మీద కూర్చుని పల్లెలు తిరిగిన మనిషి. ఇప్పుడు 'మీ గుమ్మంలోకే పశువైద్యం' అనే పథకం కింద మండలానికొక బండి ఇచ్చారు. జిల్లా కేంద్రంలో షామియానా వేసి, శాఖ డైరెక్టరుగారు ఒక బండి మీద కూర్చుని ఫోటో కూడా దిగారు. ఆయన కూర్చున్న ఆ బండే గుండ్లవంక వాటాకు వచ్చింది. అంతటి బండిని ఎవరు పడితే వాళ్లు నడుపుకుంటూ తేకూడదని లారీ ఎక్కించారు. దాంతోపాటే ఆ ఫోటోకు అద్దం బిగించి, గోడకు తగిలించుకోవాలన్న ఉత్తర్వు జతచేసి పంపారు.

చెన్నకేశవులు మురిసిపోయాడు. బండిని తన తువ్వాలుతోనే తుడిచాడు. మొదటి ప్రయాణం సుద్దగుట్టకేనని ఆ క్షణమే అనుకున్నాడు. సుద్దగుట్ట పదిహేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న గొర్రెల కాపరుల పల్లె. బస్సు లేదు, పాల వ్యానూ పోదు. తొలకరి పడి లేతగడ్డి మొలిచిందంటే అక్కడి గొర్రెలకు చిటుకు రోగం వస్తుంది. పొద్దున గంతులేసిన గొర్రె మధ్యాహ్నానికి కాళ్లు తన్నుకుని చస్తుంది. అది రాకుండా ఒక సూది ఉంది, కాకపోతే వానకు రెండు వారాల ముందే పడాలి. పోయిన ఏడు ఎక్కి పోవడానికి ఏదీ దొరక్క చెన్నకేశవులు పోలేకపోయాడు. ఓబుళమ్మ అనే ఆమెకు ఒక్క వారంలో పంతొమ్మిది గొర్రెలు పోయాయి. ఈ ఏడు మిగిలినవి నలభై మూడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకు ముద్ద దిగేది కాదు.

మర్నాడు పొద్దున్నే మందు పెట్టెలో వేయడానికి ఐసు కూడా సిద్ధం చేసుకుని బండి ఎక్కాడు. కిక్కు కొట్టాడు. ఇంకోటి కొట్టాడు. పంతొమ్మిది కొట్టాక దిగి, చొక్కా పై గుండీ విప్పి, ఇరవయ్యోది కొట్టాడు. ట్యాంకు మూత తీసి చూస్తే పెట్రోలు ఉంది. చోకు లాగి చూశాడు. ప్లగ్గు వైరు గట్టిగానే ఉంది. అప్పుడు కనపడింది, కుడి చేతి పిడి పక్కన బొటనవేలికి అందేంత దూరంలో ఎర్ర స్విచ్చి. ఇంజను ఆపేసే స్విచ్చి. అది ఆఫ్‌లో ఉంది. చెన్నకేశవులు తనలో తానే నవ్వుకుని బొటనవేలు చాపాడు.

"ఆగండి, తాకకండి," అంటూ వరండాలోంచి డాక్టరు ప్రభంజన్ పరిగెత్తుకొచ్చాడు.

ప్రభంజన్ ఆ ఆసుపత్రికి డాక్టరు. మంచి కుర్రాడే. కాని ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా నాలుగు నెలలుంది, ఆ నాలుగు నెలలూ ఊపిరి కూడా ఉత్తర్వు ప్రకారమే పీల్చుకోవాలని నిర్ణయించుకున్నాడు. చేతిలో ఆ పొద్దునే వచ్చిన సర్క్యులరు ఉంది.

సంగతేమిటంటే, డైరెక్టరుగారు కిందటి నెల ఒక చల్లటి కొండ ఊళ్లో నాలుగు రోజుల శిక్షణకు వెళ్లారు. ఏదో దేశంలో కార్లు చేసేవాళ్లు ఏ తప్పు జరిగినా ఎందుకు, ఎందుకు అని ఐదుసార్లు అడిగి అసలు కారణం పట్టుకుంటారని అక్కడ విన్నారు. విన్నది తలకెక్కింది. తిరిగొచ్చి శాఖకంతటికీ 'ఐదు ఎందుకుల విధానం' ప్రకటించారు.

డాక్టరు సర్క్యులరు చదివాడు. "ఏదేని ఉపకరణము పనిచేయనిచో, ఐదు పర్యాయములు ఎందుకు అని ప్రశ్నించవలెను. ఒక్కొక్క ప్రశ్నను అంతకు ముందటి అధికారికన్న పై అధికారి వేయవలెను. ఐదవ ఎందుకుకు సమాధానము లభించువరకు సదరు ఉపకరణమును ఏ ఉద్యోగియు మరమ్మతు చేయరాదు. అట్లు చేసినచో మూలకారణమును దాచిపెట్టినట్లు భావించబడును."

"సార్, ఇది మరమ్మతు కాదు. స్విచ్చి. ఇట్ల అంటే అయిపోతాది," అన్నాడు చెన్నకేశవులు.

"అయిపోతుంది కాబట్టే వద్దంటున్నా. అయిపోయాక ఇంక ఎందుకని ఎవరిని అడుగుతాం?"

చెన్నకేశవులు ఆ వేలిని కాసేపు గాల్లోనే ఉంచి, తర్వాత జేబులో పెట్టుకున్నాడు. డాక్టరు గొంతు సర్దుకుని మొదటి ఎందుకు అడిగాడు. బండి ఎందుకు స్టార్టు కాలేదు? ఇంజనుకు కరెంటు అందక, అన్నాడు చెన్నకేశవులు. డాక్టరు మూడు ప్రతులు రాసి సంతకం పెట్టి, తన పైనున్న అసిస్టెంటు డైరెక్టరు, ఏడీగారికి పంపాడు.

"పోనీ మందు ఇవ్వండి సార్. నడిచైనా పోతా."

డాక్టరుకూ ఇవ్వాలనే ఉంది. కాని మందు ఫ్రిజ్జులోంచి బయటికి రావాలంటే రిజిస్టరులో బండి బయలుదేరినప్పటి మీటరు రీడింగు రాయాలి. బయలుదేరని బండికి బయలుదేరినప్పటి రీడింగు ఎక్కడిది? ఆ గడి ఖాళీగా ఉంటే ఫ్రిజ్జు తాళం తీసిన చెయ్యి ఎవరిదని అడుగుతారు. ఆ చెయ్యి ప్రభంజన్‌ది.

మూడో రోజు ఓబుళమ్మ పదిహేడు కిలోమీటర్లు నడిచి వచ్చింది. యాభై దాటిన మనిషి, చేతికర్ర పొట్టిగా ఉంది, అడుగు మాత్రం పొడుగు.

"ఏమన్నా, వస్తానంటివి. బండి ఇచ్చినారంట గదా."

"ఇచ్చినారమ్మా. అది లేయడం లేదు."

"యాల?"

"ఆ మాట నువ్వు అడక్కూడదు ఓబుళమ్మా. దానికి ఆఫీసర్లు ఉండారు."

"అట్లయితే నేనే గొర్రెల్ని ఈడికి తోలుకొస్తా. ఈడే ఎయ్యి సూది."

చెన్నకేశవులు ఆశగా డాక్టరు వంక చూశాడు. డాక్టరు పథకం పుస్తకం తిరగేశాడు. పథకం పేరు 'మీ గుమ్మంలోకే పశువైద్యం'. పశువే మన గుమ్మంలోకి వస్తే పథకం వెనక్కి నడిచినట్టు లెక్క. వెనక్కి నడిచిన పథకానికి నివేదిక రాసే ఫారం లేదు. ఓబుళమ్మకు ఇదంతా బోధపడలేదు. వాన వచ్చే నెల రెండో వారంలో వస్తుందని, ఇంకా ఎన్నాళ్లుందో చూసుకోమని చెప్పి వెళ్లిపోయింది. చెన్నకేశవులుకు తల కొట్టేసినట్టయింది.

రెండో ఎందుకు జీపులో వచ్చింది. ఏడీ విఠల్‌రావుగారు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ మూడుసార్లు తిరిగారు. మూడోసారికి చెన్నకేశవులుకు హారతి పళ్లెం కోసం వెతకాలనిపించింది.

"ఇంజనుకు కరెంటు ఎందుకు అందలేదు?" అన్నారు ఏడీగారు.

"ఆ ఎర్ర స్విచ్చి ఆఫ్‌లో ఉంది సార్."

ఏడీగారు వంగి స్విచ్చిని చూశారు. కళ్లజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. "సరిగ్గా చెప్పారు. ఇది ఆఫ్‌లోనే ఉన్నది. దీన్ని ఆన్ చేయుటకు ఎంత సమయం పట్టును?"

"అర సెకను సార్."

"చాలా చిన్న పని. కావున చాలా జాగ్రత్తగా ఉండవలెను. పెద్ద పనులు పొరపాటున జరగవు. చిన్న పనులే జరిగిపోతాయి."

వెంటనే బండి చుట్టూ నాలుగు గుంజలు పాతించి, గేదెల్ని కట్టే పలుపుతాడు చుట్టించి, 'మూలకారణ స్థలము - తాకరాదు' అని బోర్డు కట్టించారు. బండికి ఎండ తగలకుండా పందిరి కూడా వేయించారు. ఆ పందిరి కింద నీడ బాగుందని ఊళ్లో గేదెలు వచ్చి బండి చుట్టూ పడుకోవడం మొదలుపెట్టాయి. ఆ వారం ఆసుపత్రికి వచ్చిన పశువుల సంఖ్య రెట్టింపైందని, కొత్త విధానం ఫలితాలిస్తోందని ఏడీగారు నివేదిక పంపారు.

మూడో ఎందుకు జిల్లా నుంచి ఉత్తరంగా వచ్చింది. స్విచ్చి ఎందుకు ఆఫ్‌లో ఉంది? ఎవరో నొక్కినందువల్ల, అని జవాబు వెళ్లింది. దానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో ఓబుళమ్మ నాలుగుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా తాడు ఇవతల నిలబడి స్విచ్చి వంక చూసేది. చెన్నకేశవులు తాడు అవతల నిలబడి ఆమె కళ్లలోకి చూడలేక గేదెల్ని చూసేవాడు. ఒకరోజు తెగించి, ఎవరూ చూడకుండా వేలు చాపబోయాడు కూడా. అదే సమయానికి డాక్టరు వరండాలో నిలబడి ఏడుపుమొహంతో, "నాలుగు నెలలే చెన్నకేశవులుగారూ," అన్నాడు. ఆ మొహం చూసి ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నాలుగో ఎందుకు మాత్రం రాజధాని నుంచి స్వయంగా దిగింది. ఆయన పేరు త్రివిక్రమ్, మూలకారణ ప్రత్యేకాధికారి. ఆ ఉద్యోగం పుట్టి నెల కాలేదు గాని ఆయన అందులోనే పుట్టినట్టున్నాడు.

"నొక్కినది ఎవరు, ఎందుకు నొక్కారు. ఇది తేలాలి," అన్నాడు. "నొక్కేది వేలు. ఆ స్థానంలో ఉన్న స్విచ్చిని నొక్కేది బొటనవేలు. కావున బొటనవేళ్లను విచారిస్తాం."

విచారించారు. ఆసుపత్రి సిబ్బంది బొటనవేళ్లు, బండి తెచ్చిన లారీ డ్రైవరు బొటనవేలు, టీ కొట్టు సిద్ధయ్య బొటనవేళ్లు రెండూ, ఎందుకైనా మంచిదని ఆయన భార్యవీ. దారంతో కొలిచి, సిరా అద్ది, 'అంగుష్ఠ పట్టిక'లో ఎక్కించారు. బొటనవేలుకు కట్టు కట్టుకున్న అటెండరును అరగంట విడిగా కూర్చోబెట్టారు. ఇంతలో ఓబుళమ్మ వచ్చింది. ఆరోసారి.

"ఈవిడ ఎవరు? రోజూ ఇక్కడికి ఎందుకు వస్తున్నారు?" అన్నాడు త్రివిక్రమ్, కళ్లు చిన్నవి చేసి.

"గొర్రెలకు సూది కోసం సార్," అన్నాడు చెన్నకేశవులు.

"బండి చుట్టూ తిరుగుతున్న ఏకైక ఉద్యోగేతర వ్యక్తి. వేలు చూపించమ్మా."

ఇన్నేళ్లు ఉన్ని వడికిన వేలు అది, వెడల్పుగా, గట్టిగా ఉంది. త్రివిక్రమ్ దాన్ని కొలిచి తృప్తిగా తల ఊపాడు. ఓబుళమ్మ సిరా వేలు చీరకు తుడుచుకుంటూ గోడ మీది పటం వంక చూసింది. దగ్గరికి వెళ్లి ఇంకా బాగా చూసింది.

"సార్, నొక్కింది ఈ సారు గదా. ఇదో, నగతా నొక్కతాండాడు చూడు."

గదిలో ఉన్నవాళ్లంతా పటం వైపు తిరిగారు. అందరూ రోజూ దండం పెట్టే పటమే. అందులో డైరెక్టరుగారు బండి మీద కూర్చుని ఉన్నారు, మెడలో దండ ఉంది, కుడి చేతి బొటనవేలు ఎర్ర స్విచ్చి మీద ఉంది. అదేదో బండిని ప్రారంభించే మీట అనుకున్నారు కాబోలు, మొహం వెలిగిపోతోంది. పదిహేను రోజులుగా చెన్నకేశవులు ఆ పటం కిందే కూర్చుని అన్నం తింటున్నాడు. ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

త్రివిక్రమ్ మెల్లగా అన్నాడు, "అది నొక్కడం కాదమ్మా. ప్రారంభోత్సవం."

"నొక్కితే ఆగిపోయింది గదా సార్."

"ఆగిపోతే మనం నొక్కడం అంటాం. ప్రారంభోత్సవంలో ఆగదు. కావున ఇది అది కాదు." ఆయన నుదురు తుడుచుకుని డాక్టరు వైపు తిరిగాడు. "ఆ పటం మీద దుమ్ము పడుతోంది. గుడ్డ కప్పండి. ఇక అనుమానితురాలి చేత సంఘటన పునఃసృష్టి చేయిద్దాం. ఈ వేలుతో ఈ స్విచ్చిని ఆఫ్ చేసి చూపించాలి."

నేరం ఓబుళమ్మ మీదికి వచ్చేలా ఉందని చెన్నకేశవులుకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఒక ఆలోచన తట్టింది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆయనకు అంత వినయం ఎప్పుడూ రాలేదు.

"సార్, చిన్న మనవి. స్విచ్చి ఇప్పటికే ఆఫ్‌లో ఉండాది. ఆఫ్‌లో ఉన్నదాన్ని మళ్లీ ఆఫ్ చేసేది ఎట్ల?"

త్రివిక్రమ్ సర్క్యులరు తీసి ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు చదివాడు. "ఆన్ చేయడం మరమ్మతు. ఉద్యోగి చేయరాదు."

"ఉద్యోగులం మేమెవరం చేయం సార్. ఈమె ఉద్యోగి కాదు గదా. ఏ స్థితిలోంచి చెడగొట్టిందో ఆ స్థితికి ఆమే తెచ్చి, మళ్లీ ఆమే చెడగొట్టి చూపిస్తే?"

త్రివిక్రమ్ మొహం వికసించింది. "పూర్వస్థితి పునరుద్ధరణ. చాలా బాగుంది. రాసుకోండి డాక్టర్. అనుమానితురాలి అంగుష్ఠంతో, ప్రత్యేకాధికారి సమక్షంలో."

తాడు విప్పారు. గేదెల్ని లేపారు. బండి ఊగకుండా పట్టుకోవాలని చెప్పి చెన్నకేశవులు సీటు మీద కూర్చున్నాడు. ఓబుళమ్మ వచ్చి స్విచ్చి మీద వేలు పెట్టింది. టిక్కుమంది. ఆ చిన్న చప్పుడు కోసం ఎంత రాతకోత జరిగిందో తలుచుకుంటే ఆయనకు నవ్వాగలేదు. నవ్వుతూనే కిక్కు కొట్టాడు. ఒక్క దెబ్బకు బండి లేచింది.

"ఏం చేస్తున్నారు మీరు? కిక్కు ఎవరు కొట్టమన్నారు?"

"కిక్కు కొట్టేది మరమ్మతు కాదు సార్. మరమ్మతు ఇంతకు ముందే అయిపోయింది, తమరి సమక్షంలోనే." చెన్నకేశవులు గొంతు పెంచాడు. "డాక్టర్ సార్, బయలుదేరిన రీడింగు రాసుకోండి. ఆరు."

ప్రభంజన్ ఒక్క నిమిషం అటూ ఇటూ చూశాడు. గడి నిండింది. గడి నిండితే తాళం తీయవచ్చు. ఉత్తర్వులో ఆయన్ని ఆపేది ఏదీ మిగల్లేదు. ఆ కుర్రాడు అంత వేగంగా పరిగెత్తగలడని ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. ఫ్రిజ్జు తెరిచి మందు సీసాలు ఐసు పెట్టెలో పెట్టి తెచ్చి, వెనక ఎక్కిన ఓబుళమ్మ ఒళ్లో పెట్టాడు.

"పునఃసృష్టి పూర్తి కాలేదు. ఆమె ఇంకా ఆఫ్ చేసి చూపలేదు," అన్నాడు త్రివిక్రమ్ బండి వెనక నడుస్తూ.

"వచ్చినాక చేస్తాలే సార్," అంది ఓబుళమ్మ.

ఆ మధ్యాహ్నం సుద్దగుట్టలో నలభై మూడు గొర్రెలకూ సూదులు పడ్డాయి. నలభై మూడోదాన్ని వదిలాక చెన్నకేశవులు ఆ మట్టిలోనే కూలబడి, ఓబుళమ్మ ఇచ్చిన మజ్జిగ చెంబెడు తాగాడు. పోయిన ఏడు నుంచి గుండె మీద ఉన్న బరువేదో దిగినట్టనిపించి, కళ్లు తుడుచుకున్నాడు.

కథ ఇక్కడితో అయిపోవాలి. శాఖ ఒప్పుకోలేదు.

ఐదో ఎందుకు డైరెక్టరుగారిది. ఫైలు ఆయన బల్ల మీదికి చేరేసరికి బండి నడుస్తోంది. నడిచే బండిని ఎందుకు నడవడం లేదని అడగలేరు కాబట్టి, ఎందుకు నడుస్తోందని అడిగారు. ఎర్ర స్విచ్చిని ఫలానా ఓబుళమ్మ అంగుష్ఠం పునరుద్ధరించినందున, అని జవాబు వెళ్లింది. డైరెక్టరుగారు పొంగిపోయారు. శాఖ చరిత్రలో ఒక బండి ఎందుకు నడుస్తోందో కాగితం మీద తేలడం అదే మొదటిసారి. వెంటనే ఆయనకు ఇంకో సందేహం వచ్చింది. మరి మిగతా బండ్లు ఎందుకు నడుస్తున్నాయి?

ఏ ఫైల్లోనూ దానికి కారణం రాసి లేదు. వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. "కారణము తెలియకుండ నడుచు వాహనము, కారణము తెలిసి ఆగిన వాహనముకన్న ప్రమాదకరము. కావున నడుచుచున్న వాహనములన్నిటిని తక్షణమే ఆపవలెను. ఎర్ర మీటను ఆఫ్ చేసి, పిదప పట్టికలో నమోదైన అంగుష్ఠముచే పూర్వస్థితి పునరుద్ధరణ జరిపించి, కారణము నమోదు చేసుకొని నడుపుకొనవచ్చును."

జిల్లాలో ముప్పై నాలుగు మండలాల్లో బండ్లు టక్కున ఆగిపోయాయి. ముప్పై నాలుగు చోట్ల పలుపుతాళ్లు కట్టారు. నొక్కి నడిపించినట్టు పట్టికలో నమోదైన బొటనవేలు మాత్రం రాష్ట్రం మొత్తానికి ఒక్కటే ఉంది.

మర్నాడు ఓబుళమ్మను వెతుక్కుంటూ పక్క మండలం నుంచి ఆమె ఆడబిడ్డ సుద్దగుట్టకు వచ్చింది. ఆమెకు ముప్పై గొర్రెలు. నిన్నటిదాకా బాగా నడిచిన వాళ్ల ఆసుపత్రి బండి తాడు మధ్య నిలబడి ఉందని, వానకు గట్టిగా రెండు వారాలుందని చెప్పింది. అదే పొద్దున పెద్దాఫీసు నుంచి ఆసుపత్రికి ఓబుళమ్మ పేర ఉత్తర్వు కూడా అందింది. గుండ్లవంక బండి మీద, చెన్నకేశవులు వెంట, ముప్పై నాలుగు మండలాలకు ఆమె అంగుష్ఠమును తరలించవలెనని అందులో ఉంది. డాక్టరును వెనక ఎక్కించుకుని చెన్నకేశవులు సుద్దగుట్టకు వెళ్లి, ఓబుళమ్మ ఒప్పుకోదేమోనని బిక్కుబిక్కుమంటూ ఉత్తర్వు చదివి వినిపించాడు.

"ముప్పై నాలుగు చోట్ల గొర్రెలు ఉండాయి గదన్నా. పోదాం పద," అంది ఆమె. "నావి ఎవరు కాస్తారు మల్ల?"

ఆ మాట విని ముగ్గురూ ఉత్తర్వును మళ్లీ చదివారు. ఆఖరి వాక్యంలో, సదరు అంగుష్ఠధారిణి గైర్హాజరులో ఆమె జీవాల సంరక్షణ బాధ్యత స్థానిక పశువైద్యాధికారిదని ఉంది. ప్రభంజన్ ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా మూడు నెలల పైచిలుకు మిగిలింది. ఆయన మారుమాట్లాడకుండా ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకున్నాడు.

చెన్నకేశవులు కిక్కు కొట్టాడు. ఓబుళమ్మ వెనక ఎక్కి, ఐసు పెట్టె ఒళ్లో సర్దుకుని, తన చేతికర్ర డాక్టరు చేతికిచ్చింది.

"ఆ కొమ్ము విరిగిన పొట్టేలు ముందర నడుస్తాది సార్. అది యాడికి పోతే నువ్వు ఆడికి పో. ఎందుకని మాత్రం దాన్ని అడగొద్దు."